సాయంత్రం బస్సుకు మూడు షిఫ్టులు

మా నాన్న, మేం బాపు అంటాం, బొగ్గు గనిలో రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. కరీంనగర్‌లో నేను పనిచేసే కాలేజీ లైబ్రరీకి సెలవు పెట్టి, సామాన్లు సర్దడానికి నస్పూర్ వెళ్లాను. వంటింటి సజ్జ మీద ఏళ్లుగా ఎవరూ దించని రేకు డబ్బాలో చింతగింజలు, ఎవరి పెళ్లిలోనో పెట్టిన స్టీలు గిన్నెల మూతలు, తెగిన గొడుగు, వాటి కింద నా పాత ఫోను ఉన్నాయి. తెర ఒక మూల పగిలి ఉంది. పాత సామాన్లవాళ్లకు వేసి ఉల్లిగడ్డలు తీసుకుందామని అవ్వ, అంటే మా అమ్మ, అంది. నేను మాత్రం దాన్ని ఛార్జింగ్‌కు పెట్టి పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. అన్నం ఉడికేంత సేపటికి అది కళ్లు తెరిచింది. వెతికే గడి మీద వేలు పెట్టగానే అన్నిటికన్నా పైన ఒక్కటే మాట కనబడింది: #సాయంత్రంబస్సు. అవ్వ నా భుజం మీదుగా వంగి చూసి, చాలా రోజులకు కనిపించిన చుట్టాన్ని పలకరించినట్టు, "ఇంకా ఉన్నదా ఇది," అంది. ఆ పూట ఇక మేం సర్దింది ఏమీ లేదు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో మా ఇల్లు గడియారాన్ని బట్టి కాక సైరన్‌ను బట్టి నడిచేది. బాపుకు మొదటి షిఫ్ట్ పడిన వారం అవ్వ చీకటితోనే లేచి పెరట్లో బొగ్గుల పొయ్యి రాజేసేది. కంపెనీ బొగ్గు కాసేపు మొండికేసి పొగ చిమ్మి, తర్వాత ఎర్రగా కుదురుకునేది. ఆ పొగ వాసన, మక్కరొట్టె కాలే వాసన, బాపు స్నానానికి తీసిన ఎర్ర సబ్బు వాసన, ఈ మూడూ కలిస్తే నాకు తెల్లవారినట్టు. రెండో షిఫ్ట్ వారం మధ్యాహ్నమే అందరం కలిసి తినేవాళ్లం. నైట్ షిఫ్ట్ వారం వస్తే పగలంతా ఇల్లు గుసగుసలాడేది. బాపు నిద్ర చెడుతుందని అవ్వ కుక్కర్ ముట్టేది కాదు. పప్పు గిన్నెలో నెమ్మదిగా ఉడికేది. టీవీలో మనుషులు నోళ్లు కదిపేవాళ్లే గానీ మాట వినిపించేది కాదు. అందుకేనేమో నాకు చిన్నగా మాట్లాడటం అలవాటైపోయింది. కాలేజీలో హాజరు పిలిచినప్పుడు నేను పలికిన మాట సార్ దాకా చేరక, బెంచీ మీద కూర్చున్న నన్నే రాలేదని రాసుకునేవాళ్లు. లేచి నిలబడి చెప్పేకంటే ఆ సున్నా భరించడమే నాకు తేలికగా ఉండేది.

బాపుకు ఒక అలవాటు ఉండేది. బయటికి పోయేముందు ఇల్లు ఎవరికో ఒకరికి అప్పజెప్పనిదే గడప దాటడు. పాలు కాగినయ్, నల్లా సగమే వచ్చింది, దొడ్డి తలుపు గొళ్లెం సరిగ వడ్తలేదు, జర చూసుకోండ్రి, అని ఒప్పజెప్పి అప్పుడు చెప్పులు తొడుక్కునేవాడు. అది బొగ్గు బాయి నుంచి వచ్చిన పద్ధతి. షిఫ్ట్ దిగిపోయేవాడు వచ్చేవాడికి పని ఎక్కడి దాకా అయ్యింది, ఎక్కడ పైకప్పు నమ్మదగ్గట్టు లేదు, ముందు ఏది చూసుకోవాలి, ఇవన్నీ చెప్పకుండా పైకి రావడానికి లేదు. ఆ పద్ధతి మా క్వార్టర్లలో ప్రతి ఇంటి లోపలికీ వచ్చేసింది. ఆడవాళ్లు నల్లా దగ్గర వరుస వదిలి వెళ్లేటప్పుడు కూడా వెనక ఉన్నామెకు బిందెలు అప్పజెప్పి వెళ్లేవాళ్లు. క్వార్టర్ల మూల మీద ఒక సిమెంటు గద్దె ఉండేది. బాపుతో కలిసి పనిచేసే ఓదెలు కాక అక్కడ పేపర్ గట్టిగా చదివేవాడు, చుట్టూ కూర్చున్నవాళ్లు ప్రభుత్వాలను నిలబెట్టేవాళ్లు, పడగొట్టేవాళ్లు. ఆడపిల్లలం ఆ గద్దె దగ్గర ఆగేది లేదు. నేను కిటికీ వెనక డైరీ ఒళ్లో పెట్టుకుని వినేదాన్ని. ఒక్కోసారి ఓదెలు కాక చెప్పింది తప్పని తెలిసినా, సరైన మాట డైరీలో రాసుకుని ఊరుకునేదాన్ని.

డిగ్రీలో చేరాక బాపు కొత్త ఫోను కొనుక్కుని తన పాతది నాకిచ్చాడు. కిటికీ జాలీలా నిలువు గీతలు, అడ్డ గీతలు ఉండే ఆ గుర్తుతో నాకు స్నేహం అప్పుడే మొదలైంది. ఒక మాట ముందు ఆ గుర్తు పెట్టి నొక్కితే, ఆ సంగతి మీద ముక్కూ ముఖం తెలియనివాళ్లు అన్నదంతా ఒకచోట వరసగా వచ్చేది. అసెంబ్లీ జరిగే రోజుల్లో, బడ్జెట్ చదివే రోజున, పత్తి ధర పడిపోయినప్పుడు నేను ఆ ట్యాగుల వెంట తిరిగేదాన్ని. ఆదిలాబాద్ నుంచి ఒక రైతు కొడుకు అడిగిన ప్రశ్నకు ఇంకెక్కడి నుంచో ఒక లెక్చరర్ జవాబిచ్చేవాడు, మధ్యలో ఎవరో దూరి ఇద్దరినీ తిట్టేవాళ్లు. ఎవరు తెలిసి మాట్లాడుతున్నారో, ఎవరు పక్కవాడి వాక్యాన్నే అతికించి పోతున్నారో కొద్దిరోజులకు పట్టుకోవడం వచ్చింది. ఆడపిల్ల కూడా కూర్చోగల గద్దె ఒకటి దొరికిందని నా సంబరం. అయితే అక్కడా నేను నోరు విప్పలేదు. నా ముఖం ఉండాల్సిన చోట ఒక బంతిపువ్వు బొమ్మ పెట్టుకున్నాను. మాట రాసేదాన్ని, చదువుకునేదాన్ని, చెరిపేసేదాన్ని.

ఇది తెలిసిన ఒకే ఒక్క మనిషి నాజ్నీన్. మా ఇద్దరిదీ ఒకే బెంచీ. వాళ్ల అబ్బా యూసుఫ్ చిచ్చాకు నస్పూర్ రోడ్డు మీద గాజుల దుకాణం ఉండేది, ఇల్లు మాత్రం లోపల మా క్వార్టర్ల పక్కనే. నేను మాట్లాడని మాటలన్నీ కలిపి అదే మాట్లాడేది. "నువ్వు గోడకు చెవు వెట్టి ఇనే ముసలవ్వవే. జర దగ్గన్న దగ్గు, లోపట మనిషున్నదని తెలుస్తది," అని నవ్వేది. కెమిస్ట్రీ ల్యాబ్ అంటే దానికి ప్రాణం. రంగు మారే క్షణంలో గాజు గొట్టాన్ని వెలుగుకు పట్టి, వాళ్ల నాన్న గాజుల జత చూసినంత శ్రద్ధగా చూసేది. ల్యాబ్‌లన్నీ మధ్యాహ్నం తర్వాతే ఉండేవి. అవి ముగిసే వేళకు మా కాలేజీ ఉన్న మంచిర్యాల నుంచి మా క్వార్టర్ల లోపలి దాకా ఒక బస్సు వచ్చేది. ఒకసారి దసరా సెలవులు అయి వెళ్లేసరికి ఆ బస్సు లేదు. జనం ఎక్కడం లేదని తీసేశారట. ఆటోలు రోడ్డు మీదే దింపేసేవి, అవి కూడా మగవాళ్లు అంచులకు వేలాడుతుండగా వచ్చేవి. రోడ్డు నుంచి లోపలికి దీపాలు లేని దారి.

యూసుఫ్ చిచ్చా కోపిష్టి కాదు. సాయంత్రం బేరాల వేళ దుకాణం మూసి రోజూ కాలేజీకి రాలేనని, కొత్త సెమిస్టర్ మొదలయ్యేలోపు బస్సు రాకపోతే బిడ్డను సైన్సు మాన్పించి ఇంటి దగ్గరుండి చదివే బీఏకు మార్పిస్తానని నెమ్మదిగానే చెప్పాడు. నెమ్మదిగా చెప్పిన మాట కాబట్టే దాన్ని కాదనడానికి నాజ్నీన్‌కు దారి దొరకలేదు. ఓదెలు కాక మమ్మల్ని వెంటబెట్టుకుని డిపోకు వెళ్లి దరఖాస్తు ఇచ్చాడు. చూస్తామన్నారు. అప్పుడే ఎన్నికల వేడి మొదలైంది. నాయకులంతా ఫోన్లలో చేతులు జోడించి నవ్వుతున్నారు, ఎవరో ఒకరు అడిగిన దానికి జవాబులు కూడా ఇస్తున్నారు. ఒక మధ్యాహ్నం నేను మాట రాసి, ఈసారి చెరిపేయలేదు. మా బస్సు సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి, చివర ఆ జాలీ గుర్తు పెట్టి సాయంత్రంబస్సు అని కలిపి రాశాను. అది చూసింది నాజ్నీన్ ఒక్కతే. చూసి నా వీపు మీద గట్టిగా చరిచింది.

కరీంనగర్ హాస్టల్లో ఉండి చదివే మా మేనత్త కూతురికి ఇలాంటివన్నీ బాగా తెలుసు. వదినకు ఫోన్ చేస్తే రహస్యం చెప్పింది. ఒక్కొక్కరు ఒక్కో రోజు రాస్తే నీళ్లలో పోసినట్టేనట. ఆదివారం సాయంత్రం ఒక గంట పెట్టుకుని అందరూ ఒకేసారి రాస్తే ట్యాగు పైకి లేస్తుందట, అప్పుడు పెద్దవాళ్ల కంట పడుతుందట. నేను అదే బాపుకు చెప్పాను. బాపు ఓదెలు కాకకు చెప్పాడు. ఓదెలు కాక గద్దె మీద ఫోను పైకెత్తి చూపిస్తూ ఆ గుర్తు గురించి అందరికీ వివరించాడని, అది అందరి మాటలను ఒక్కకాడ కట్టే తాడని చెప్పాడని విన్నాను. ఇంటింటికీ సంగతి వెళ్లింది.

ఆదివారం సాయంత్రం నాజ్నీన్ మా ఇంటికి వచ్చింది. పెరట్లో మంచం మీద ఇద్దరం ఫోను మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. అవ్వ గిన్నె అంచుకు ఒత్తి కాల్చిన సర్వపిండి తెచ్చి పెట్టింది. అనుకున్న గంట మొదలైంది. నేను రాశాను, నాజ్నీన్ రాసింది, హాస్టల్ నుంచి వదినా, ఆమె స్నేహితురాళ్లూ రాశారు. అంతే. క్వార్టర్ల నుంచి ఒక్క మాట లేదు. వేలితో తెరను కిందికి లాగి వదిలినకొద్దీ మా కొద్దిమంది మాటలే మళ్లీ మళ్లీ పైకి వస్తున్నాయి. సర్వపిండి చల్లారిపోయింది. చివరికి నాజ్నీన్ చున్నీ సవరించుకుని, "ఇగ తీయ్. అబ్బా చెప్పిందే ఇనాలె," అని లేచింది. ఇదంతా చెప్పి నమ్మించింది నేనే అయినట్టు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అప్పుడే బాపు బయటి నుంచి వచ్చి మా ముఖాలు చూశాడు. ఏమైందని అడిగితే ఎవ్వరూ రాయలేదని చెప్పాను.

"ఇప్పుడెట్ల రాస్తరే? మొదటి షిఫ్టు రేపు పొద్దుగాల గదా," అన్నాడు బాపు.

మేం ఆయన ముఖంలోకి చూశాం, ఆయన మా ముఖాల్లోకి చూశాడు. అప్పుడు తెలిసింది. అందరూ ఒకేసారి రాయాలన్న మాట ఓదెలు కాకకు అసలు రుచించలేదు. ఆదివారం అందరు ఒక్కపారే దిగితే సోమారం పని ఎవలు చేస్తరు, బాయి ఒక్క షిఫ్టుతోని నడుస్తదా, అని గద్దె మీదే దాన్ని సరిచేశాడట. ఇంటి మగమనిషి ఏ షిఫ్టులో ఉంటే ఆ ఇల్లు ఆ షిఫ్టు వేళలో రాయాలని, దిగి వచ్చినవాడు కూడా ఒక మాట కలపాలని పంచేశాడట. ఇందులో మాకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఏముందని ఎవరికీ తోచలేదు. వదినకు ఫోన్ చేస్తే ఆమె నెత్తి కొట్టుకున్న చప్పుడు నాకు వినిపించింది. ఇలా చేస్తే జన్మలో ట్యాగు పైకి రాదంది. అది నిజమే. అది ఎప్పుడూ పైకి రాలేదు. అయితే కిందికీ పోలేదు.

సోమవారం సైరన్ మోగినప్పటి నుంచి ఆ ట్యాగు ఖాళీగా ఉన్న పూట లేదు. ఇంట్లో ఉన్న కొడుకులు, కోడళ్లు, షిఫ్ట్ దిగి స్నానం చేసి గొంతులో బొగ్గు దుమ్ము పోవడానికి దవడలో బెల్లం ముక్క పెట్టుకున్న మగవాళ్లు, తమకు తోచింది రాశారు. రాసి ఊరుకుంటే మా క్వార్టర్లవాళ్లు కారు. పోయేముందు అప్పజెప్పారు. "మొదటి షిఫ్టు దిగుతున్నం. ఇచ్చోడ నుంచి ఒక చెల్లె బస్సు ఎప్పటి నుంచి బందయిందని అడిగింది, చెప్పినం. నిర్మల్ సారుకు జవాబు ఇయ్యాలె. రెండో షిఫ్టోళ్లు చూసుకోండ్రి," అని ఒకరు రాస్తే, కింద "చూసుకుంటం" అని ఇంకొకరు. ఎక్కడెక్కడివాళ్లో ఇదేం పద్ధతని నవ్వడానికి వచ్చారు. నవ్విన ప్రతివాళ్లకూ మర్యాదగా జవాబు దొరికేసరికి ఆగిపోయి సంగతి అడిగారు. ఇచ్చోడ అమ్మాయి తమ వైపు కూడా ఇదే బాధ అని చెప్పి మాతోపాటు కూర్చుండిపోయింది. పోటీ చేయబోయే నాయకుడి తరఫున ఎవరో తెల్లవారుజామున ఎవరూ చూడరనుకుని, మీ సమస్య మా దృష్టికి వచ్చింది అని పెట్టి వెళ్లబోయారు. వెంటనే నైట్ షిఫ్ట్ ఇంటి నుంచి సంతోషం సారు, ఏనాడు చేస్తరో చెప్తే మొదటి షిఫ్టుకు అప్పజెప్పి పండుకుంటం, అని జవాబు వెళ్లింది. అవ్వ తన వంతుకు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "సారు, మీ ఇంట్ల ఆడపిల్లలు లేరా అని రాయ్," అంది. నేను రాసేలోపే, "వద్దు తీయ్, గట్లంటె బాగుండదు. బస్సు పంపుండ్రి, మీకు పుణ్యముంటది అని రాయ్," అంది.

వారం తిరిగే వేళకు డిపో తరఫున జవాబు వచ్చింది. ఖాళీ బస్సు తిప్పడం కుదరదని, బస్సు వేస్తే ఎక్కేది ఎవరో చెప్పమని అడిగారు. ఇది ఎవరూ అనుకోని ప్రశ్న. బస్సు కావాలని అన్నవాళ్లందరూ పెద్దవాళ్లే. ఎక్కాల్సిన ఆడపిల్లల పేర్లు ఊరందరి ముందు ఎలా పెట్టడమని ఇంటింటా సందేహం పడ్డట్టుంది. మొదటిసారి ఆ ట్యాగు చప్పుడు లేకుండా ఉండిపోయింది. నేను, బాపు పెరట్లో కూర్చుని చూస్తున్నాం. చాలాసేపటికి ఒక కొత్త పేరు వచ్చింది. ఇన్ని రోజులూ బేరాల మధ్యలో తన బిడ్డ ఎవరితో ఏం మాట్లాడుతోందోనని గాజుల పెట్టెల వెనక కూర్చుని ప్రతి మాటా చదువుతున్నాడట ఆ మనిషి, మాకెవరికీ తెలియదు.

"నేను గాజుల దుకాణం యూసుఫ్‌ను. మా బిడ్డ సైన్సు చదువుతది. బస్సొస్తె ఎక్కుతది. రాకుంటె ఇంట్ల కూసుంటది. గంతే సంగతి."

దాని కింద ఓదెలు కాక రాశాడు, మా బిడ్డ ఎక్కుతది అని. ఆ వెనక ఒకరి తర్వాత ఒకరు అదే మాట. మా బిడ్డ ఎక్కుతది. మా కోడలు ఎక్కుతది. మా చెల్లె ఎక్కుతది, గాని ఇచ్చోడ దిక్కు గూడ పంపుండ్రి. బాపు కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ చదివాడు. తర్వాత తన ఫోను చేతిలో పట్టుకుని నా వైపు తిరిగాడు.

"నీ గురించి నన్ను రాయమంటవా బిడ్డా, నువ్వే రాస్తవా?"

ఆయన రాస్తే చాలని నోటి దాకా వచ్చింది. చుట్టూ అందరి తరఫునా అందరూ చెబుతున్నారు, అందులో తప్పేమీ లేదు. కానీ ఎక్కవలసింది నేను. బంతిపువ్వు తీసేసి నా ఫోటో పెట్టాను. నా పేరు స్రవంతి, నేను ఎక్కుతాను, అని రాసి నొక్కేశాను. ఇంత పెద్ద గొంతుతో నేను అంతకు ముందెప్పుడూ మాట్లాడలేదు. ఊపిరి తీసుకునేలోపే నా మాట కింద నాజ్నీన్ రాసింది, ముందు సీటు నాది అని. బాపు నవ్వి, తన ఫోను చొక్కా జేబులో వేసుకుని, ఇగ నీ షిఫ్టు నువ్వే చూసుకో, అంటూ స్నానానికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు నేను ఉద్యోగంలో మధ్యాహ్నం విరామంలో ట్యాగులు చూస్తుంటాను. పోటీలు పెరిగాయి. ఒకే వాక్యం వందల పేర్ల మీద వచ్చి గంటలో శిఖరం ఎక్కి, మరో గంటకు ఆనవాలు లేకుండా పోతుంది. అడిగేవాళ్లు ఎక్కువ, ఆగి జవాబిచ్చేవాళ్లు తక్కువ. అయినా నాకు విసుగు రాదు. ఆ రద్దీలో కూడా ఎక్కడో ఒక మనిషి తన సొంత మాటతో, తన ఊరి సంగతి చెబుతూ కనిపిస్తాడు. అలాంటి చోట ఆగి, పేరుతో సహా జవాబిస్తాను. హాజరు పిలిచే సార్ ఇప్పుడు పిలిస్తే నా మాట ఆయనదాకా చేరుతుందనే అనుకుంటున్నాను. నాజ్నీన్ నిర్మల్‌లో ఒక బడిలో పిల్లలకు కెమిస్ట్రీ చెబుతోంది. ఫోన్ చేస్తే ఇప్పటికీ నా వంతు మాటలు కూడా అదే మాట్లాడుతుంది. మా గద్దె మాత్రం బండ్లు నిలుపుకునే చోటయ్యింది, ఓదెలు కాక పేపర్‌ను తన ఇంటి అరుగు మీదే గట్టిగా చదువుకుంటున్నాడు.

అప్పట్లో డిపోవాళ్లు బస్సును మొదట కొన్నాళ్లు వేసి చూస్తామన్నారు. కొత్త సెమిస్టర్ మొదలైన రోజు ల్యాబ్ ముగించుకుని బయటికి వస్తే, గేటు ముందు అది నిలబడి ఉంది. నాజ్నీన్ చేతులకు ఇంకా ఆసిడ్ వాసన పోలేదు. పరుగెత్తి ముందు సీటులో కూర్చుని నాకు కిటికీ వదిలింది. కండక్టర్ మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, గా షిఫ్టుల పిల్లలు మీరేనా, అని అడిగాడు. నేనే అవునన్నాను. నస్పూర్ రోడ్డు మీదికి వచ్చేసరికి బేరాల వేళ. యూసుఫ్ చిచ్చా గాజులు చూపించడం ఆపి, కొనేవాళ్లను అలాగే వదిలేసి, దుకాణం మెట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు. నాజ్నీన్ చెయ్యి ఊపింది. ఆయన ఊపలేదు. బస్సు మలుపు తిరిగేదాకా చూసి, ఫోను తీసి తల వంచుకున్నాడు. కాసేపటికి నా చేతిలో ఫోను మోగింది. ఆ ట్యాగు కింద ఆయన మాట:

"ఎక్కింది. ఇక్కడి దాకా నేను చూసిన. లోపలి క్వార్టర్లోళ్లు, ఇగ మీరు చూసుకోండ్రి."